కోర్టు వదిలేసింది, రిపోర్టు వదలలేదు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. 2016లో మా వీధి మురుగు కాలువ విషయంలో తగాదా జరిగితే, అందరితో పాటు నా పేరూ చేర్చి కేసు పెట్టారు. 2021లో ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్) కోర్టు మమ్మల్ని నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ మధ్య విశాఖపట్నంలో ఒక గోదాముల సంస్థలో సూపర్‌వైజరుగా ఎంపికయ్యాను. ఇంకో వారంలో చేరాలనగా, ‘మీ మీద రెండు కేసులున్నట్టు రిపోర్టు వచ్చింది’ అంటూ ఆపేశారు. ఆ రిపోర్టును బెంగళూరులోని ఒక తనిఖీ సంస్థ తయారు చేసిందట. మొదటి కేసు నాదే. రెండోది పార్వతీపురం కోర్టులో చెక్కు కేసు. ఆ కోర్టు గడప నేను ఎన్నడూ తొక్కలేదు. ఇది చాలదన్నట్టు, నా పేరు, నాకు రాబోయే జీతం చెప్పి మరీ అప్పులిస్తామని రోజూ ఫోన్లు వస్తున్నాయి. నా వివరాలు వీళ్లకు ఎవరు అమ్మారు? అలా అమ్మడాన్ని చట్టం ఒప్పుకుంటుందా? పాత కేసును నా పేరు మీద నుంచి తీసేయించుకునే దారి ఉందా?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మీ ఉత్తరంలో ‘రిపోర్టు వచ్చిందట’ అన్నారే గాని, చూశానని ఎక్కడా రాయలేదు. ముందు అది మీ చేతికి రావాలి. ఈ రోజే ఆ సంస్థ హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్ పంపండి. ఫోనులో మాట్లాడినా ఆ మాటలనే మళ్లీ రాతలో పెట్టండి. నా గురించి తెప్పించిన రిపోర్టు పూర్తి ప్రతి, దాన్ని తయారు చేసిన సంస్థ పేరు, చిరునామా, తనిఖీ కోసం నాతో సంతకం చేయించుకున్న అంగీకార పత్రం నకలు ఇవ్వండి, నా జవాబు అందేవరకు నియామకంపై తుది నిర్ణయం తీసుకోకండి అని అడగండి. ఇంతకు మించి రాయనక్కర లేదు. కోపంగా ఒక్క వాక్యమూ వద్దు. ఈ ఈమెయిల్‌కు జవాబు వచ్చినా రాకపోయినా రేపు అది మీకు సాక్ష్యం.

దానితో పాటే కోర్టులో నకలు దరఖాస్తు పెట్టించండి. మీ న్యాయవాది గుమాస్తాకు కేసు నంబరు చెబితే చాలు, కోర్టు ఫీజు స్టాంపులతో దరఖాస్తు వేస్తాడు. కావలసింది 2021 నాటి తీర్పు సర్టిఫైడ్ నకలు. మామూలు జిరాక్సు పనికిరాదు. తీర్పు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ చేత ధ్రువీకరించుకోండి. విశాఖపట్నంలో దాన్ని చదివేవారికి ఒడియా రాదు, రాదు కాబట్టి పక్కన పడేస్తారు.

ఇక మీ మొదటి ప్రశ్న. మీ సొంత కేసు వివరాలను ఎవరూ దొంగచాటుగా అమ్మి ఉండరు. కోర్టు కేసుల వివరాలు పెట్టే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని, కక్షిదారు పేరు, సంవత్సరం కొడితే ఎవరికైనా కనబడతాయి. ఒకప్పుడు ఇదే సమాచారం కావాలంటే మనిషి గుణుపురం దాకా వచ్చి, కోర్టు గుమాస్తా అయిన పేష్కారును అడిగి, రిజిస్టరు తిరగేయించుకోవాలి. అంత అవసరం ఉన్నవాడే వచ్చేవాడు. ఇప్పుడు తనిఖీ సంస్థలు కంప్యూటర్ ప్రోగ్రాములతో దేశంలోని కోర్టు జాబితాలన్నీ గంపగుత్తగా లాగి, పేర్ల వారీగా పేర్చుకుని, ఒక్కో మనిషి తనిఖీకి ఇంత అని వసూలు చేస్తున్నాయి. సరుకు ప్రభుత్వం ఉచితంగా పెట్టినదే. వాళ్లు అమ్మేది దాన్ని మీ పేరుకు అతికించే పనిని.

తప్పు జరిగేది ఆ అతికింపులోనే. ఈ-కోర్ట్స్‌లో మీ కేసు పేజీ తెరిచి చూడండి. పైన సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఒక్కో కేసుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, అక్షరాలు, అంకెలు కలిపి పదహారింటితో ఉంటుంది. దాని కింద కేసు స్థితి అన్న చోట ‘డిస్పోజ్డ్’ అని కనబడుతుంది, అంటే విచారణ ముగిసిందని. ఏ విధంగా ముగిసిందో ఆ పక్కనే వేరే వరుసలో, ‘నేచర్ ఆఫ్ డిస్పోజల్’ అన్న చోట ఉంటుంది. మీరు నిర్దోషి అన్న సంగతి ఆ ఒక్క వరుసలో ఉంది. తనిఖీ రిపోర్టుల్లో కేసు నంబరు వస్తుంది, సెక్షన్లు వస్తాయి, ‘డిస్పోజ్డ్’ కూడా వస్తుంది. ఈ చివరి వరుస చాలాసార్లు రాదు. పైగా రిపోర్టు మొదటి పేజీలో పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తారు. కేసు ఉంటే ఎరుపే. హెచ్‌ఆర్ ఉద్యోగి రంగు చూసి ఫైలు మూసేస్తాడు. మీ రిపోర్టు రాగానే ముందు ఈ వరుస ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీరు తనిఖీ సంస్థకు పంపే నోటీసులో మొదటి పేరా దాని గురించే ఉండాలి.

కోర్టు తలుపులు తెరిచి ఉంచేది న్యాయమూర్తి ఏం చేస్తున్నారో జనం చూడటానికి. అక్కడ నిలబడిన మనిషికి జీవితాంతం వెల కట్టడానికి కాదు. కేసు పెట్టారన్న మాట ఎంత దూరం పోయిందో, కేసు కొట్టేశారన్న మాట కూడా అంత దూరం పోవాలి. ఒకటి పంపి రెండోది ఆపేసినవాడు చూపింది నిజంలో సగమే, ఆ సగంతో ఒక మనిషి కూడు పోతుంది. నా దృష్టిలో మీ వ్యవహారమంతటికీ అసలు మాట ఇదే.

పార్వతీపురం కేసు సంగతికి వస్తే, సరిహద్దులో ఉన్న తెలుగువారందరికీ ఈ ప్రమాదం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒడిశాలో ఏ ఫారం నింపినా పేరు, ఆపైన టైటిల్ అడుగుతారు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లకు టైటిల్ చివర రావాలి. అందుకని నారాయణరావు అనే ఆయన బడి రికార్డులో ‘నారాయణ్’ పేరు, ‘రావు’ టైటిల్ అయిపోతాడు. ఆయన తండ్రి అప్పలనాయుడు అయితే తండ్రి టైటిల్ ‘నాయుడు’, కొడుకుది ‘రావు’. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పోలీసు స్టేషనులో ఆ పేరునే ఒడియాలో ఎఫ్‌ఐఆర్‌లో రాస్తారు, కోర్టు కంప్యూటరులోకి వచ్చేసరికి అది ఇంగ్లీషులో ఇంకో రకంగా మారుతుంది. పార్వతీపురం వైపు అదే పేరుకు పూర్తి ఇంటిపేరుతో, వేరే స్పెల్లింగుతో రికార్డు ఉంటుంది. గుణుపురం, పర్లాకిమిడి, పార్వతీపురం, పాలకొండల మధ్య ఒకే పేరున్న సింహాచలాలు, నారాయణరావులు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పనక్కర లేదు. ప్రోగ్రాముకు ఇవేవీ తెలియవు. పేరు దగ్గరగా ఉంది, ఊరు దగ్గరగా ఉంది, అంతే, ‘సరిపోలింది’ అంటుంది. తండ్రి పేరు, వయసు, చిరునామా మనిషి కూర్చుని పోల్చి చూడాలి. ఆ పని జరగలేదని మీ రిపోర్టే చెబుతోంది.

దీన్ని తిప్పికొట్టడం కష్టం కాదు. రిపోర్టులోని సీఎన్‌ఆర్ నంబరుతో ఆ కేసు పేజీ తీయించి, నిందితుడి తండ్రి పేరు, చిరునామా రాసుకోండి. పేజీలో ఆ వివరాలు లేకపోతే పార్వతీపురంలో ఒక న్యాయవాది ద్వారా ఫిర్యాదు ప్రతికి నకలు దరఖాస్తు పెట్టించండి. చెక్కు కేసు ఫిర్యాదులో ఖాతాదారు పూర్తి పేరు, బ్యాంకు వివరాలు తప్పక ఉంటాయి. ఆ బ్యాంకులో మీకు ఖాతా లేదని, ఆ వ్యక్తి మీరు కాదని అఫిడవిట్ చేయించి, మీ ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ జతచేసి తనిఖీ సంస్థకూ, గోదాముల సంస్థకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నోటీసులో మూడు కోరండి. రెండో కేసును నా రిపోర్టు నుంచి తొలగించాలి, మొదటి కేసు ఎదుట ‘నిర్దోషిగా విడుదల’ అని స్పష్టంగా రాయాలి, పాత రిపోర్టు ఎవరెవరికి పంపారో వారందరికీ సరిచేసిన రిపోర్టు పంపాలి. మూడోది మరవకండి. ఈ సంస్థలు ఒకరికి చేసిన పనిని దాచుకుని ఇంకొకరికి వాడుకునే అవకాశం ఉంది.

అమ్మడం చట్టబద్ధమా అన్నారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. దాని వెనుకే 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే సంస్థల మీద బాధ్యతలు పెట్టే ముఖ్యమైన సెక్షన్లకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు, అంటే అవి 2027 మే నాటికి గాని అమలుకు రావు. అప్పటివరకు పాత ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం, దాని కింద 2011లో చేసిన నిబంధనలే మనకు దిక్కు. ఆ 2011 నిబంధనల్లో సున్నితమైన సమాచారం కింద బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రలు వంటివి ఉన్నాయి గాని నేర చరిత్ర లేదు. అయినా మీరు ఇచ్చిన వివరాలను మీరు చూసుకుని, తప్పుంటే సరిచేయించుకునే హక్కు, ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాల్సిన అధికారిని సంస్థ నియమించాలన్న షరతు అందులో ఉన్నాయి. మీ నోటీసు ఆ ఫిర్యాదుల అధికారి పేరిట కూడా పంపండి.

కొత్త చట్టంలో మీకు పనికొచ్చేది 8వ సెక్షన్. ఒక వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే సమాచారం, లేదా మరో సంస్థకు ఇచ్చే సమాచారం పూర్తిగా, ఖచ్చితంగా ఉండేలా చూడాల్సిన బాధ్యతను అది సంస్థ మీదే పెట్టింది. ‘నేచర్ ఆఫ్ డిస్పోజల్’ వరుసను వదిలేయడం దీని కిందికి సూటిగా వస్తుంది. కాని అదే చట్టంలో ఒక పెద్ద సందు కూడా ఉంది. చట్టం ప్రకారం బయటపెట్టక తప్పని సమాచారానికి ఈ చట్టం వర్తించదని 3వ సెక్షన్ చెబుతోంది. కోర్టు రికార్డులు బహిరంగమైనవే కదా అని సంస్థలు రేపు ఈ సందులోంచే తప్పుకోవాలని చూస్తాయి. ఇందులో నా అభిప్రాయం స్పష్టం. కోర్టు బయటపెట్టింది కేసును మాత్రమే. పార్వతీపురం కేసులో ఉన్నది మీరేనని కోర్టు ఎన్నడూ అనలేదు, ఆ మాట తనిఖీ సంస్థ సృష్టించింది. తాను సృష్టించినదానికి కోర్టు రికార్డు ముసుగు కప్పుకోవడం కుదరదు.

ఇంకో సంగతి. అంగీకారం అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చూసుకునే వీలు ఇవ్వాలని కొత్త చట్టం అంటోంది. తెలుగు, ఒడియా రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకం ఇంగ్లీషు కాగితం మీద పెట్టే మనవాళ్లకు ఇది నిజంగా దక్కితే మంచి హక్కు. అమలు కోసం ఎదురుచూడకుండా ఇప్పటి నుంచే తెలుగు ప్రతి అడగండి.

నాకు బాధ కలిగించే అంశమూ ఒకటి ఉంది. కొత్త చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చు. అది మొత్తం ప్రభుత్వ ఖజానాకే పోతుంది. ఉద్యోగం పోయిన మనిషికి పైసా రాదు. ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఏ సెక్షన్‌ను కూడా కొత్త చట్టం ఎత్తివేస్తోంది. అప్పుడు నష్టపోయినవారికి ఆ సెక్షన్ కింద పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. పార్లమెంటు దీన్ని సరిదిద్దాలి.

ఈ వ్యాపారం ముదిరిన దేశం అమెరికా. మేం న్యాయవాదులం తీర్పులు వెతుక్కోవడానికి చందా కట్టే లెక్సిస్‌నెక్సిస్, థామ్సన్ రాయిటర్స్ సంస్థలే అక్కడ మనుషుల చిరునామాలు, ఆస్తులు, కోర్టు కేసులు ఒక్కచోట చేర్చి బీమా కంపెనీలకూ, పోలీసు శాఖలకూ అమ్ముతాయి. ఒక చేత్తో చట్టాన్ని, మరో చేత్తో ఆ చట్టం కాపాడవలసిన మనుషుల వివరాలను అమ్మే ఈ పద్ధతిపై న్యాయవాదులుగా మేమూ మాట్లాడాలి. అక్కడ చాయిస్‌పాయింట్ అనే సంస్థ వ్యాపారుల వేషంలో వచ్చిన మోసగాళ్లకు లక్షా అరవై వేలకు పైగా మనుషుల వివరాలు అమ్మిందని 2005లో బయటపడింది. తర్వాత కోటిన్నర డాలర్లు కట్టవలసి వచ్చింది. ఆ సంస్థను 2008లో లెక్సిస్‌నెక్సిస్ మాతృ సంస్థే కొనేసింది. అయినా మనకు లేని ఒక రక్షణ వాళ్లకు 1970 నాటి చట్టంలో ఉంది. రిపోర్టు చూసి ఉద్యోగం నిరాకరించాలనుకుంటే యజమాని ముందుగా ఆ రిపోర్టు ప్రతిని అభ్యర్థికి ఇచ్చి తీరాలి. మీకు జరిగినట్టు ‘వచ్చిందట’ అని నోటిమాటతో పంపేయడం అక్కడ చట్టవిరుద్ధం. మన చట్టంలో ఆ ఒక్క వాక్యం ఉంటే మీరు నాకు ఉత్తరం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఇక రికార్డు తీసేయించుకోవడం గురించి. దీనిపై హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. మన ఒరిస్సా హైకోర్టులో 2020 నవంబరులో జస్టిస్ ఎస్.కె. పాణిగ్రాహి, ఒక మహిళ అసభ్య దృశ్యాలను ఫేస్‌బుక్‌లో పెట్టిన కేసులో, మరచిపోబడే హక్కు, అంటే తమ పాత వివరాలను ఇంటర్నెట్ నుంచి తీసేయించుకునే హక్కు గురించి గట్టిగా రాశారు. ఢిల్లీ హైకోర్టు 2021లో, నిర్దోషిగా తేలిన ఒక అమెరికా పౌరుడి తీర్పు ఇంటర్నెట్ వెతుకులాటలో కనబడకుండా చేయమంది. కేరళ హైకోర్టు 2022 డిసెంబరులో కుటుంబ, వైవాహిక కేసుల్లో పేర్లు దాచవచ్చు గాని, నడుస్తున్న కేసుల్లో ఈ హక్కు అడగరాదంది. మద్రాసు హైకోర్టు 2024 ఫిబ్రవరిలో నిర్దోషిగా తేలిన ఒక వ్యక్తి తీర్పును ఇండియన్ కానూన్ అనే తీర్పుల వెబ్‌సైటు నుంచి తీసేయమంటే, ఆ ఉత్తర్వుపై అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అంతిమ మాట సుప్రీంకోర్టు చెప్పాలి. ఈ పరిస్థితిలో మీరు కటక్‌లోని ఒరిస్సా హైకోర్టుకు వెళ్లి పేరు కప్పివేయమని రిట్ వేయవచ్చు, వేస్తే తప్పక గెలుస్తారని మాత్రం నేను చెప్పను. ఖర్చు, కాలం చూసుకుంటే రికార్డును చెరిపించడం కంటే దాన్ని పూర్తిగా చూపించడం మీకు తొందరగా పని చేస్తుంది.

అందుకే ఒక హెచ్చరిక. ఉద్యోగ దరఖాస్తులో ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా’ అని అడిగితే ‘లేదు’ అని రాయకండి. నిర్దోషిగా విడుదలైనా సరే, అడిగినప్పుడు నిజం చెప్పాలని, దాన్ని బట్టి యజమాని అన్నీ తూచి నిర్ణయించాలని 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కేసు కంటే దాచడమే ఎక్కువ మందికి ఉద్యోగాలు పోగొడుతోంది. ‘ఉంది, ఫలానా తేదీన నిర్దోషిగా విడుదల, నకలు జతచేశాను’ అని రాయండి.

అప్పుల ఫోన్ల సంగతి వేరు. మీ కేసు వివరాలు బహిరంగంగా ఉన్నాయి గాని, రాబోయే జీతం బహిరంగం కాదు. ఆఫర్ కాగితం చేరిన చోటుల్లో ఎక్కడో ఒకచోట నుంచి అది జారింది. జిరాక్సు షాపు, ఇంటర్నెట్ సెంటరు, ఉద్యోగాల వెబ్‌సైటు, మీ ఫోనులోని ఏదైనా అప్పు యాప్, ఇవన్నీ అనుమానించదగినవే. 2023లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని పట్టుకున్నప్పుడు అతని దగ్గర 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు ఉన్నాయని ప్రకటించారు. అలాంటి సంతలో ఒకసారి పడిన వివరాన్ని వెనక్కి తేలేం, కొత్తగా పడకుండా మాత్రం చూసుకోగలం. ఇకపై ఆధార్ నకలు ఇచ్చే ప్రతిచోటా దాని మీద అడ్డంగా ‘ఫలానా పనికి మాత్రమే’ అని తేదీతో రాసి సంతకం చేయండి. నంబరులో మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్ చాలాచోట్ల చెల్లుతుంది. అప్పు యాప్ మీ ఫోనులోని నంబర్ల జాబితా, కాల్ వివరాలు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అడిగితే ఆ యాప్ తీసేయండి.

వచ్చిన ప్రతి ప్రచార ఫోనుపై ఏడు రోజుల్లోగా 1909కు ఫిర్యాదు చేయండి. మీ అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్టు కూడా ఒకసారి చూసుకోండి. దాన్ని తయారు చేసే సిబిల్‌తో సహా నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో చివరన మీ వివరాలు ఎవరెవరు తెప్పించుకున్నారో పేర్లు ఉంటాయి. మీరు అప్పు అడగని సంస్థ పేరు కనబడితే అదే మీ దొంగ ఆచూకీ. వెంటనే అభ్యంతరం పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఆపైన ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు. 14448కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మీ పేరుతో ఎవరైనా నిజంగానే అప్పు తీసుకున్నట్టు తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పి, గుణుపురం స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వండి. నేరం బెంగళూరులో జరిగింది, అక్కడికే పొమ్మని వాళ్లు అనడానికి వీల్లేదు. ఎక్కడి నేరమైనా ఫిర్యాదు నమోదు చేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.

నోటీసుకు తనిఖీ సంస్థ కదలకపోతే పరువు నష్టం కింద సివిల్ దావా వేయవచ్చు. దానికి గడువు రిపోర్టు బయటికి పంపిన నాటి నుంచి ఒక్క ఏడాదే. అందుకే రిపోర్టు మీద ఉన్న తేదీని వెంటనే రాసి పెట్టుకోండి. న్యాయవాది ఫీజు భారమైతే రాయగడ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫోన్ నంబరు 15100. తీర్పు నకలు వచ్చాక చివరి పేరా చదవండి. ‘సంశయ లాభం’ కింద, అంటే నేరం సందేహం లేకుండా రుజువు కాలేదని, విడుదల చేశామని ఉందో, నేరం జరగలేదనే తేల్చారో నాకు రాయండి. కటక్‌లో రిట్ వేయడం మంచిదా కాదా అన్నది దాన్ని చూశాకే చెప్పగలను.